ఉప్పు తిన్న బండి

మీటరు నాలుగోసారి సున్నాల్లోకి తిరిగినప్పుడు
నేను చూడలేదు.
వమరవల్లి దాటాక ఓ గేదె అడ్డొచ్చింది.
దాన్ని తప్పించి, పెట్టె జారిందేమోనని వెనక్కి చూసి
మళ్ళీ తల తిప్పేసరికి
తొమ్మిదులన్నీ ఎటో పోయి
అప్పుడే షోరూములోంచి తోలుకొచ్చినట్టు
ఐదు గుండుసున్నాలు.

రెండువేల రెండులో కొన్నాను దీన్ని.
తెల్లారగట్ల నాలుక్కి బందరువానిపేట ఒడ్డుకి తెప్పలొస్తాయి.
రెండు థర్మాకోలు పెట్టెలు, ఐసు,
కవళ్ళు, కానాగంతలు, అదృష్టం బాగుంటే వంజరం.
ఆమదాలవలస చేరేసరికి
సగం ఐసు దారికే ఇచ్చేస్తాను.
కరిగిన నీళ్ళు గొలుసు మీద, చక్రం పుల్లల మీద,
సైలెన్సరు మీద పడ్డ చుక్క సుయ్యిమని ఎగిరిపోతుంది,
దాని ఉప్పు మాత్రం ఉండిపోతుంది.

ఉప్పు తిన్న విశ్వాసమంటారు.
ఇక్కడ లెక్క తిరగబడింది.
ఇరవై రెండేళ్ళుగా ఉప్పే దీన్ని తింటోంది.
మడ్‌గార్డు తింది, గొలుసు మూత తింది,
నంబరు పలక మీద ఏడు అంకె తల కొరికేస్తే
శ్రీకాకుళం ఏడురోడ్ల దగ్గర పోలీసాయన ఆపి
"ఇది ఒకటా, ఏడా?" అన్నాడు.
"ఏడే బాబూ, తల సముద్రం తినేసినాది" అన్నాను.
నవ్వాడు గాని, వంద పుచ్చుకున్నాడు.

ఇంటికొచ్చాక నా ఒళ్ళు తర్వాత.
ముందు దానికి బోరింగు నుంచి నాలుగు బిందెలు,
పిల్లదాని పాత పళ్ళబ్రష్షుతో
గొలుసు లింకు లింకుకీ కాలిన నూనె.
"మనుసులకి బిందుడు నీల్లు దొరక్క సత్తంటే
ఇనుముకి తానమేట్రా!" అంది గనగళ్ళ దానమ్మ.
ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.
మర్నాటి నుంచి ఆమె వంతు నాలుగు బిందెలు
నేనే కొట్టి గుమ్మంలో పెడుతున్నాను.

గార జంక్షన్లో పాత్రో ఉన్నాడు గనక ఇది ఉంది.
"నూనె నల్లబడ్డాక మార్చడం కాదురా,
నల్లబడతాదని తెలిసినప్పుడే మార్చాల."
రెండువేల కిలోమీటర్లు. ఒక్కటి దాటితే ఒప్పుకోడు.
రెండు పిస్టన్లు, మూడు బోరింగులు, పదకొండు గొలుసులు,
క్లచ్చు ప్లేట్లు ఇద్దరం లెక్క మర్చిపోయాం.
తిత్లీ తుపానుకి సీటు దాకా ఇసకలో కూరుకుపోతే
మూడురోజులు విప్పుతూనే ఉన్నాడు.
ఎయిర్ ఫిల్టరు డబ్బాలో
చిటికెనవేలంత పీత, బతికే ఉంది.
అద్దె ఎంతిస్తావని దాన్నే అడిగాడు.

తాళంచెవి పళ్ళు అరిగి నున్నబడ్డాయి.
చెంచా కొన పెట్టినా ఆనవుతుంది.
ఎవడైనా పట్టుకుపోయినా
రెండో గేరు పడదు వాడికి.
అక్కడ కాస్త అదిమి, ఒక్క లిప్త ఆగాలి,
ఆ ఆగడం నా ఎడమకాలికి తప్ప తెలీదు.

కొత్తబండికి మారిస్తే ఎనిమిదివేలిస్తామన్నాడు
షోరూము కుర్రాడు, టై కట్టుకుని.
వాడు పుట్టేటప్పటికి
ఇది మొదటి లక్ష దాటేసింది.

నాలుగోసారి సున్నాలు పడ్డ రోజే
తిరుగుదారిలో పాత్రో దగ్గర ఆగాను.
ఎప్పట్లాగే స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆన్చి
పిడి చెవికి పెట్టుకున్నాడు.
చాలాసేపు.
చెవి మార్చాడు. మళ్ళీ మొదటి చెవికే వచ్చాడు.
తర్వాత, నా మొహం చూడకుండా,
పిడి నా వైపు చాచాడు.
"నువ్వినరా. ఏటినిపిస్తంది?"

ఇన్నేళ్ళలో నేను లోపలికి వినడం అదే మొదలు.
ఎవరో గవ్వల మూట నెత్తినెట్టుకుని
తొందర లేకుండా తడి ఇసకలో నడుస్తున్నారు.
ఒక్క గవ్వ మాత్రం
వరస తప్పి మోగుతోంది.

చెప్పాను, గట్టిగా, అతనికి వినిపించేలా.
"ట్యాపెట్టు" అన్నాడు.
పది నంబరు స్పానరు కోసం
చెయ్యి చాపాడు.